తిరుపతి చుట్టుపక్కల అడవి జంతువుల్ని వాటి చోటికే వెళ్లి చూడటం ఎలా?

తిరుమలలో దర్శనం అయిపోయాక తిరుగు రైలుకు ఒకటి రెండు రోజులు మిగిలితే చాలామంది కాణిపాకం, శ్రీకాళహస్తి చూసుకుని ఇంటికెళ్లిపోతారు. మంచిదే. కానీ మనిషి నిలువు కంటే పొడవైన రెక్కలు చాచి గూటి మీద వాలే గూడబాతులు (పెలికాన్లు), ఉప్పునీటి సరస్సులో ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయే ఫ్లెమింగోలు, తెల్లవారుజామున వంక (వాగు) దాటే దుప్పులు ఇక్కడికి రెండు గంటల ప్రయాణంలోనే ఉన్నాయని వాళ్లకి ఎవరూ చెప్పరు. మా ఇంటికొచ్చే చుట్టాలకి నేను ఏం చెప్తానో, వాళ్లని ఏ వరసలో తీసుకెళ్తానో అదే మీకూ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇక్కడ జీపు సఫారీ మీద ఆశ పెట్టుకోకండి. మన అడవుల్లో జంతువు కనపడాలంటే సరైన నెలలో, సరైన గంటకి, సరైన చోట కదలకుండా కూర్చోవాలి. ఇదంతా ఆ కూర్చోవడం గురించే.

ఏ జంతువు, ఏ నెల? ముందు ఇది తేల్చుకోండి

మా వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. అడవి లెక్కంతా ఆ వానల్ని బట్టే నడుస్తుంది. చెరువులు నిండితే గూడబాతులు వచ్చి గూళ్లు కడతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు బాగా ఉంటాయి. అదే సమయంలో తిరుమల కొండల చుట్టూ ఉన్న శేషాచలం అడవిలోకి వెళ్తే మాత్రం పచ్చదనం తప్ప ఏమీ కనపడదు. ఎక్కడ చూసినా నీళ్లే ఉంటాయి కాబట్టి జంతువులు ఒక చోటికి రావాల్సిన పనే లేదు, పైగా చెట్లన్నీ దట్టంగా ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. జలపాతం బాగుండే నెలలో జంతువులు కూడా బాగా కనపడతాయి అనుకుని నవంబర్‌లో తలకోనకి వస్తారు. నీళ్లు చూడాలంటే నవంబర్ రండి. దుప్పులు, కణితులు చూడాలంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్యలో రండి. అప్పటికి వంకలు ఎండిపోయి, నీళ్లు నిలిచిన కొద్ది గుండాల దగ్గరికే జంతువులన్నీ రావాలి. ఆకులు కూడా రాలిపోయి ఉంటాయి కాబట్టి చూపు దూరం పోతుంది. అయితే ఎండాకాలంలో అడవికి నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది. అలాంటప్పుడు ఫారెస్టు వాళ్లు లోపలికి ఎవర్నీ రానివ్వరు. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

పిల్లలతో వస్తుంటే మొదటి పూట తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జూపార్కులో గడపండి. 1987లో మొదలైన ఈ పార్కు శేషాచలం కొండల పాదం దగ్గర 5,500 ఎకరాలకు పైగా ఉంటుంది. అక్కడున్నవి అడవిలో తిరిగే జంతువులు కావు, నిజమే. కానీ పేర్లు నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. దుప్పికి పెద్దయ్యాక కూడా ఒంటి మీద తెల్లచుక్కలు పోవు. కణితి దానికంటే చాలా పెద్దది, ముదురు గోధుమ రంగు, మెడ చుట్టూ గరుకు జూలు. రేచుకుక్క తోక చివర నల్లటి కుచ్చు. ఇవి ఒకసారి దగ్గరగా చూసి ఉంటే, రేపు అడవిలో రెండు సెకన్లు కనపడి మాయమైనా అది ఏదో మీ పిల్లలే చెప్పేస్తారు.

మొదటి రోజు: నేలపట్టు, పులికాట్

మొదటిసారి వచ్చేవాళ్లని నేను ఎప్పుడూ ముందు ఇక్కడికే తీసుకెళ్తాను. సీజన్‌లో వస్తే ఖాళీ చేతులతో తిరిగి వెళ్లడం ఉండదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

తిరుపతిలో తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి. శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి చెన్నై హైవే ఎక్కితే దొరవారిసత్రం వస్తుంది. అక్కడి నుంచి నేలపట్టు దగ్గరే. రైల్లో వచ్చేవాళ్లు గూడూరు-చెన్నై లైన్లో దొరవారిసత్రం స్టేషన్లో దిగొచ్చు, కానీ అక్కడ ఆగే రైళ్లు తక్కువ. టైము చూసుకుని రండి.

నేలపట్టు పక్షుల అభయారణ్యం 1976లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు, అంటే చిన్నదే. కానీ గూడబాతులు పిల్లల్ని పెట్టే చోట్లలో దేశంలోనే పెద్ద పేరున్నది ఇది. చెరువు నీళ్లలోనే కడప చెట్లు గుబురుగా పెరిగి ఉంటాయి. గూడబాతులు ఆ చెట్ల నెత్తి మీద పుల్లలతో గూళ్లు కడతాయి. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చీకటిపడ్డాక వేటకెళ్లే రాత్రి కొంగలు కూడా అవే చెట్లలో అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతులకి ఈ పక్షులంటే ప్రేమ. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదని చెప్తారు.

కట్ట మీద నడుస్తూ అన్ని చెట్లూ చూసేయాలని తొందరపడకండి. ఒక్క చెట్టు ఎంచుకోండి. దాని మీద ఒక్క గూడు ఎంచుకోండి. బైనాక్యులర్ పెట్టుకుని అరగంట అదే చూడండి.

మొన్న జనవరిలో నేను అలాగే ఒక గూడు చూస్తూ కూర్చున్నాను. గూట్లో రెండు పిల్లలు, ఇంకా తెల్లటి నూగు మీద ఉన్నాయి. తల్లి చెరువుల మీద చేపలు పట్టుకుని వచ్చి వాలింది. కొమ్మ కిందికి ఊగింది. వాలగానే పెద్ద పిల్ల తల్లి ముక్కు పట్టుకుని లాగింది. తల్లి నోరు తెరిచింది. ఆ పిల్ల తల, మెడ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. బయటికి దాని ఒళ్లు, కొట్టుకుంటున్న చిన్న రెక్కలు మాత్రమే కనపడుతున్నాయి. సంచి బయటి నుంచి చూస్తే లోపల పిల్ల తల అటూ ఇటూ కదలడం తెలుస్తోంది. రెండో పిల్ల వెనకాల నిలబడి తన వంతు కోసం చూస్తోంది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ ఉన్న మా పిన్ని కూతురు బైనాక్యులర్ లాక్కుని మళ్లీ గంటదాకా నాకు ఇవ్వలేదు.

గూడబాతులు ఎండ ఎక్కి గాలి వేడెక్కాక, తొమ్మిది పది గంటల మధ్య, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. ఆ వేడి గాలి మీదే చాలా దూరం వెళ్లి చేపలు పట్టుకొస్తాయి. కాబట్టి ఆరున్నరకల్లా కట్ట మీద ఉండి, పది దాకా ఉంటే రెండూ చూడొచ్చు. వానలు సరిగ్గా పడని ఏడాది చెరువులో నీళ్లు లేకపోతే పక్షులు బాగా తగ్గిపోతాయి. ఆ ఏడాది వానల సంగతి కనుక్కుని రండి.

తర్వాత సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి శ్రీహరికోట రోడ్డు పట్టండి. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఈ రోడ్డు దాన్ని మధ్యగా చీల్చుకుంటూ వెళ్తుంది, రెండు పక్కలా నీళ్లే. ఫ్లెమింగోలు లోతులేని నీళ్లలో తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీటిని వడగట్టి చిన్న రొయ్యల్లాంటి వాటిని తింటాయి. ఆ తిండిలోని రంగే వాటి ఈకలకి వస్తుంది. తెల్లగా, బూడిదగా ఉన్నవి కనపడితే అవి పిల్ల పక్షులు, ఇంకా రంగు రాలేదు.

ఇక్కడ నాలుగైదు విషయాలు గుర్తుపెట్టుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అందుకే రోడ్డుకి ఉత్తరం వైపు ఉన్న పక్షుల్ని చూస్తే వెలుగు మీ వీపు మీద ఉంటుంది, రంగు బాగా తెలుస్తుంది. దక్షిణం వైపు చూస్తే నల్లటి నీడల్లా కనపడతాయి. సరస్సులో నీళ్లు మరీ ఎక్కువైతే వాటి కాళ్లకి అందవు, అవి వేరే చోటికి జరిగిపోతాయి. పెద్ద వాన పడిన వారంలోనే పరుగెత్తి రావద్దు. కారు పక్కకి ఆపి, కారులోంచే చూడండి. కారుని పక్షులు పట్టించుకోవు, మనిషి దిగి నీళ్ల వైపు నాలుగడుగులు వేస్తే గుంపు మొత్తం లేచిపోతుంది. అవి ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చాలా దూరం ఎగరడానికి, గుడ్లు పెట్టడానికి అవి దాచుకుంటున్న శక్తిని మనం ఒక ఫోటో కోసం ఖర్చు చేయిస్తున్నట్టు.

రోడ్డు చివర శ్రీహరికోట రాకెట్ కేంద్రం గేటు ఉంటుంది. అనుమతి లేనిదే లోపలికి పంపరు. గేటు దాకా వెళ్లి కెమెరాలు తీయకుండా మధ్యలోనే వెనక్కి తిరగండి. జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతుంది. పిల్లలకి బాగుంటుంది, కానీ పక్షుల కోసమే వచ్చేవాళ్లు ఆ రోజులు వదిలేసి మామూలు రోజున రండి.

అడవిలోకి వెళ్లే ముందు: అనుమతి

శేషాచలం అడవి ఎర్రచందనానికి సొంత ఊరు. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లోని ఈ దక్షిణపు కొండల్లోనే. దాని కోసం దొంగలు వస్తారు, వాళ్ల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు తిరుగుతుంటారు. కాబట్టి అనుమతి లేకుండా ఎవరైనా రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని లోపల కనపడితే, ముందు దొంగగానే లెక్క. నేను పక్షులు చూడ్డానికి వచ్చానండీ అంటే నమ్మరు. నమ్మినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో తిరగడమే నేరం.

చేయాల్సిన పని చిన్నదే. టూరిస్టుల కోసం తెరిచిన చోట్లకి చెక్‌పోస్టులో టికెట్ తీసుకుంటే చాలు. ఆ దారి దాటి లోపలికి వెళ్లాలంటే మాత్రం తిరుపతిలో డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో గానీ, ఆ ప్రాంతపు రేంజ్ ఆఫీసులో గానీ ముందుగా అడగండి. ఆధార్ కాపీలు, ఎంతమంది వస్తున్నారు, ఏ రోజు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఊరి నుంచే వచ్చే గైడు గానీ వాచర్ గానీ తోడు లేకుండా వెళ్లకండి. వాళ్లకి ఇచ్చే డబ్బు దగ్గర బేరం ఆడకండి. ఏ గుండంలో నీళ్లున్నాయో, ఏ వంకలో నిన్న ఎలుగుబంటి తిరిగిందో వాళ్లకే తెలుసు.

రెండో రోజు: తలకోన, రాత్రి ఉండి చూడాలి

తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోన సుమారు 60 కిలోమీటర్లు. 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వర స్వామి గుడి అందరికీ తెలిసినవే. ఇది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ పార్కు, చుట్టూ ఉన్న అడవి కలిసి 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో భాగం.

ఆదివారం పొద్దున పదింటికి వచ్చి, స్నానం చేసి, బిర్యానీ తిని, నాలుగింటికి వెళ్లిపోతే మీకు కనపడేది కోతులు మాత్రమే. అవి కూడా మీ సంచి కోసం వస్తాయి. వారం మధ్యలో వచ్చి అక్కడి గెస్ట్‌హౌస్‌లో రాత్రి ఉండండి. గది ముందే బుక్ చేసుకోవాలి. అసలు పని సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటిపడే దాకా, మళ్లీ పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా.

తెల్లవారకముందే గైడుతో కలిసి నీళ్లున్న వంక దగ్గరికి వెళ్లండి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోండి, చిటికెడు మట్టి వదిలితే తెలిసిపోతుంది. గాలి నీళ్ల వైపు నుంచి మీ వైపు రావాలి. మీ వాసన నీళ్ల వైపు పోతే ఒక్క దుప్పి కూడా రాదు. అందుకే ఆ పొద్దున సెంటు, కొబ్బరి నూనె, దోమల క్రీము ఏమీ వద్దు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే దోమలకి సరిపోతుంది. చెట్టుకో బండకో వీపు ఆనించి కూర్చోండి, మీ ఆకారం విడిగా కనపడదు. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, స్క్రీన్ వెలుగు కూడా కనపడకూడదు.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. మనసు ఊరుకోదు, లేచి ఇంకాస్త ముందుకి వెళ్దామా అనిపిస్తుంది. వెళ్లకండి. మీరు వచ్చిన చప్పుడుకి ఆగిపోయిన అడవి మళ్లీ మొదలవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ముందు అడవికోడి కూస్తుంది. తర్వాత పిట్టలు కిందికి దిగుతాయి. తర్వాత ఎండుటాకుల మీద ఆగి ఆగి నడిచే చప్పుడు వస్తుంది. దుప్పి అలాగే నడుస్తుంది, నాలుగడుగులు వేసి నిలబడి చెవులు తిప్పుతుంది. ఆగకుండా పరపరమని చప్పుడొస్తే అది చాలాసార్లు అడవిపందో, ఆకులు తిరగేసే పిట్టలో అయి ఉంటుంది.

దుప్పి ఉన్నట్టుండి సన్నగా, గట్టిగా ఒక్క కూత పెట్టి, ముందు కాలు నేలకేసి కొట్టిందనుకోండి. అదే సమయంలో చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచిందనుకోండి. దగ్గర్లో చిరుత కదులుతోందని అర్థం. కొండముచ్చు ఎటు చూస్తోందో మీరూ అటు చూడండి. చిరుత కనపడకపోవచ్చు. కానీ అడవి అంతా ఒకే వైపు చూస్తున్న ఆ రెండు నిమిషాలు ఒంటి మీద రోమాలు లేస్తాయి. అప్పుడు లేచి నడవకండి, ఒకరి పక్కన ఒకరు దగ్గరగా ఉండండి.

ఎండ ఎక్కాక తిరిగి వచ్చేటప్పుడు నేల చూస్తూ నడవండి. మెత్తటి ఇసుకలో గుండ్రటి పంజా గుర్తు ఉండి గోళ్ల గీతలు లేకపోతే అది చిరుతది, నడిచేటప్పుడు అది గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. గోళ్ల గుర్తులుంటే కుక్క జాతి. చెదపుట్ట తవ్వి పారేసి ఉంటే ఎలుగుబంటి. ఎలుగుబంటి విషయంలో నా మాట కాస్త వేరుగా ఉంటుంది. కూర్చున్నప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉండాలో, పొదల మధ్య మలుపులు తిరిగే దారిలో నడిచేటప్పుడు అంత మాట్లాడుతూ నడవాలి. దానికి చూపు తక్కువ. తిండి ధ్యాసలో ఉండి మనిషిని ఒక్కసారిగా ఎదురుగా చూస్తే భయంతో మీద పడుతుంది. మాటలు ముందే వినపడితే తనే తప్పుకుంటుంది.

తలకోనలోనూ, తిరుమల కొండల్లోనూ ఇంకో చిన్న ప్రాణి ఉంది, బంగారు బల్లి. నీటి దగ్గర రాతి నెర్రెల్లో ఉండి రాత్రిపూట బయటికి వస్తుంది. పగలు బల్లి కనపడకపోయినా దాని ఇల్లు కనిపెట్టొచ్చు. గుండం పక్కన రాతి చూరు కింద తల వంచి పైకి చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో పిల్లలు రాతికి సున్నం ముద్దలు అంటించారేమో అనుకున్నాను. బఠానీ గింజల్లా తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి, గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. అన్నీ గుడ్లే. కొన్ని పగిలి ఖాళీగా ఉన్నాయి, కొన్ని కొత్తవి. చాలా ఆడ బల్లులు ఒకే చోట పెడతాయి. చేత్తో తాకకండి, గీకి చూడకండి.

చీకటిపడ్డాక గెస్ట్‌హౌస్ దగ్గరే, గైడు ఒప్పుకుంటేనే, దేవాంగ పిల్లి కోసం చూడొచ్చు. పిల్లి అన్నది పేరుకే, ఇది కోతులకి దూరపు చుట్టం. గుప్పెడంత ఒళ్లు, సన్నటి కాళ్లు, ముఖమంతా కళ్లు. టార్చికి ఎర్ర గ్లాసు కాగితం కట్టి కొమ్మల మీద మెల్లగా తిప్పితే రెండు నిప్పుకణికల్లా కళ్లు మెరుస్తాయి. కనపడగానే వెలుగు పక్కకి తిప్పేయండి. రాత్రి పురుగుల్ని పట్టుకుని బతికే ప్రాణి అది, తెల్లటి లైటు ముఖం మీద కొడితే చాలాసేపు దానికి దారి తెలియదు. మూఢనమ్మకాల కోసం దీన్ని పట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడ చూశారో ఆ చెట్టు, ఆ చోటు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

పక్షుల మీద మరీ ఇష్టం ఉన్నవాళ్లు మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ కూడా చూడండి. పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలోని ఇలాంటి రాళ్ల కొండల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. పొద్దున్నే బండల మధ్య పొదల్లో వెతకండి.

తిరుమల మెట్ల దారి: ఇక్కడ చూడాలని అనుకోకండి

అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు. రెండూ అడవిలోంచే వెళ్తాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారిని చిరుత పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు, పిల్లలతో నడిచేవాళ్లకి టైము నిబంధనలు పెట్టారు. ఆ రోజు ఏ నిబంధన ఉందో అలిపిరిలో అడిగి, అలాగే నడవండి. గుంపులో ఉండండి. పిల్లల చెయ్యి వదలకండి, ముందు పరుగెత్తనివ్వకండి. కోతులకీ జింకలకీ తిండి పెట్టకండి. పారేసిన తిండికి కుక్కలు, పందులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. ఈ దారి స్వామి కోసం నడిచే దారి. జంతువుల కోసం వేరే రోజు, వేరే చోటు ఉన్నాయి.

ఏనుగులు: పలమనేరు, కుప్పం వైపు

అందరూ అడిగేది వీటి గురించే. అందుకే చివరిదాకా ఆపాను.

చిత్తూరు అడవుల్లో ఏనుగులు దాదాపు రెండు వందల ఏళ్లు లేవు. 1980ల్లో తమిళనాడు హోసూరు వైపు నుంచి గుంపులుగా వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. కౌండిన్య, కైగల్ ఏర్లు దీనిలోంచే పారి పాలారులో కలుస్తాయి. అడవి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రెండు పక్కలా ఊళ్లు, చెరకు, వరి, టమాటా, మామిడి. ఒక పెద్ద ఏనుగుకి రోజుకి నూట యాభై కిలోల మేత కావాలి. ఇక పొలాల్లోకి రాకుండా ఎలా ఉంటుంది?

పలమనేరు పక్క పల్లెలో మా మేనమామకి మూడెకరాలు ఉంది. ఆరేళ్ల క్రితం నేను ఒక ప్రైవేటు టూర్ వాళ్ల మాట నమ్మి, స్నేహితులతో కలిసి రాత్రి ఏనుగుల్ని చూడ్డానికి అటు వెళ్లాను. అనుమతి తీసుకున్నామని వాళ్లు చెప్పారు. తీసుకోలేదు. టార్చిలైట్లతో మమ్మల్ని టమాటా తోట గట్టు మీద నిలబెట్టారు. ఊరివాళ్లు వచ్చి గట్టిగా తిట్టారు. అప్పుడు కోపం వచ్చింది కానీ పొద్దున్నే మామ తోట చూశాక సిగ్గేసింది. సోలార్ కంచె మీద చెట్టు పడేసి గుంపు లోపలికి వచ్చింది. డ్రిప్పు పైపులు పేగుల్లా బయటికి లాగి పడేసి ఉన్నాయి. మామ వంగి ఏనుగు లద్దెలో చెయ్యి పెట్టి చూశాడు. "ఇంకా వెచ్చగుంది నాయనా, దూరం పోలేదు. అది నీకు కనపడేటప్పటికి నిన్ను చూసి శానాసేపు అయింటాది" అన్నాడు. లైట్లు, కేకలు పెడితే ఏనుగులు బెదిరి వేరే వాళ్ల చేలోకి పోతాయి, లేదంటే తిరగబడతాయి. మీరు చూసి కారెక్కి వెళ్లిపోతారు, ఆ కోపం మర్నాడు నీళ్లు కట్టడానికి వెళ్లే రైతు మీద పడుతుంది.

కాబట్టి ఇక్కడ చేయాల్సింది ఇది. ఏనుగుల్ని వెతుక్కుంటూ వెళ్లకండి. పలమనేరు రేంజ్ ఆఫీసుకి వెళ్లి గుంపు ఏ వైపు ఉందో, ఏ వైపు వెళ్లకూడదో అడగండి. రోజూ వాటి వెనక తిరిగే ట్రాకర్ల నుంచి వాళ్లకి కబురు అందుతుంది. దగ్గరగా చూడాలన్న కోరిక ఉంటే కుంకీ ఏనుగుల సంగతి అక్కడే అడగండి. ఊళ్ల మీదికి వచ్చే గుంపుల్ని వెనక్కి మళ్లించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులవి. 2025లో కర్ణాటక నుంచి కొన్ని వచ్చాయి. చూడనిస్తారో లేదో, ఏ టైములోనో వాళ్లే చెప్తారు.

పగలు కైగల్ దగ్గర దుముకురాళ్ల జలపాతానికి వెళ్లొచ్చు. రాళ్లు జారుడు, నీళ్లలోకి దిగకండి. చుట్టూ ఇసుకలో పళ్లెమంత గుండ్రటి అడుగులు, బెరడు ఒలిచిన చెట్లు, ఒంటికి బురద రాసుకున్న గుర్తులు చెట్ల మొదళ్ల మీద మనిషి తలకంటే ఎత్తులో కనపడతాయి. వాటిని చూస్తే చాలు, అడవి ఎవరిదో తెలుస్తుంది. సాయంత్రం నాలుగు కొట్టకముందే వెనక్కి బయల్దేరండి, నీళ్లకి అవి వచ్చే టైము అది.

అనుకోకుండా ఎదురైతే ఫోన్ తీయకండి. చెవులు ఆడిస్తూ మేస్తుంటే అది ప్రశాంతంగా ఉంది. చెవులు విప్పార్చి, తొండం ఎత్తి మీ వైపు కదలకుండా నిలబడితే మిమ్మల్ని పసిగట్టింది. పరుగెత్తితే మనకంటే అదే వేగం. అరవకుండా, దాని మీద కన్నేసి ఉంచి వెనక్కి వెనక్కి నడిచి, మధ్యలో పెద్ద బండలు, చెట్లు అడ్డం ఉండేలా చూసుకోండి. గుంపు కంటే ఒంటి ఏనుగు ప్రమాదం. పిల్ల ఏనుగు కనపడితే తల్లి ఎక్కడుందో తెలిసేదాకా అడుగు కూడా ముందుకి వేయకండి. 2025 శివరాత్రి ముందు రైల్వే కోడూరు వైపు ఉన్న గుండాలకోనకి అడవి దారిలో రాత్రి నడిచి వెళ్తున్న భక్తులు ఏనుగుల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. చీకట్లో అడవి దారి నడవొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఇక తిరుగు ప్రయాణం. పలమనేరు నుంచి చిత్తూరు వచ్చే హైవే అడవి పక్కనే వెళ్తుంది. 2023 జూన్‌లో అక్కడ రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులు రాత్రిపూట బండి ఢీకొని చనిపోయాయి. ఏనుగులు దాటే చోటు అని బోర్డు కనపడితే వేగం నలభైకి తగ్గించండి. ముందు ఏనుగు కనపడితే దూరంగానే ఆపి, హెడ్‌లైట్లు డిమ్ చేయండి, హారన్ కొట్టకండి, అద్దాలు ఎక్కించుకోండి. ఒక ఏనుగు దాటిపోగానే బండి కదిలించకండి. గుంపు ఒకదాని వెనక ఒకటిగా వస్తుంది, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని నడుస్తాయి. రోడ్డు ఖాళీ అయ్యాక కూడా ఐదు నిమిషాలు ఆగి, పక్క పొదల్లో కొమ్మలు విరిగే చప్పుడు పూర్తిగా ఆగిపోయాకే బండి తీయండి.